మన చేతులు ఎందుకు పగులుతున్నాయి? (సైన్సు పాఠం)



పోయిన చలికాలం నా రెండు చేతులు పగిలి, వేళ్ళ సందుల్లో ఎర్రగా అయ్యాయి. పులుసన్నం కలిపితే మంటకు ఏడుపొచ్చేది. "దీనికి గజ్జి" అని నా పక్కన ఎవరూ కూర్చోలేదు. పది రోజులు చివర్న ఒక్కదాన్నే తిన్నాను. తర్వాత నర్సమ్మ గారు చూసి, "గజ్జి కాదు, బట్టల పొడి వల్ల వచ్చింది, ఎవరికీ అంటదు" అన్నారు. అది ఎలాగో సైన్సు టీచరు గారిని అడిగి తెలుసుకున్నాను.

చర్మం ఒక గోడ: మా ఊళ్ళో రాళ్ళు పేర్చి, మధ్యలో అడుసు పెట్టి గోడ కడతారు. చర్మం పైపొర కూడా అంతే. చనిపోయిన కణాలు రాళ్ళు. వాటి మధ్య ఉండే కొవ్వు అడుసు. ఈ గోడ లోపలి నీటిని బయటికి పోనివ్వదు, బయటి క్రిములను లోపలికి రానివ్వదు. అరచేతిలో ఇది మందంగా ఉంటుంది. చేతి వెనక, వేళ్ళ సందుల్లో పలుచన. అందుకే అక్కడ ముందు పాడవుతుంది.

బట్టల పొడి ఏం చేస్తుంది: పొడిలోని అణువుకు రెండు కొనలు. ఒకటి నీటిని పట్టుకుంటుంది, ఒకటి జిడ్డును పట్టుకుంటుంది. అలా బట్టల జిడ్డు నీళ్ళలోకి వచ్చేస్తుంది. కాని దానికి లంగా మీది జిడ్డు ఏదో, మన చర్మంలోని కొవ్వు ఏదో తెలీదు. రెండూ లాగేస్తుంది. అడుసు పోతే గోడ సందులు పడుతుంది. లోపలి తేమ ఆవిరై చర్మం ఎండి పగులుతుంది. ఆ పగుళ్ళలోంచి పొడి ఇంకా లోపలికి పోయి మంట, దురద పుడతాయి.

ఇంకో కారణం క్షారం. చర్మం పి.హెచ్. సుమారు 5, అంటే కొంచెం ఆమ్లం. సోడా కలిసిన పొడి నీళ్ళది 10 దాకా ఉంటుంది. ఎర్ర లిట్మస్ ముంచితే నీలం అవుతుంది. బూడిద నీళ్ళు కూడా క్షారమే. బూడిదతో అంట్లు తోమే మా అమ్మ చేతులూ పగులుతాయి. సెలవులకు పోయినప్పుడు అమ్మకు ఇదంతా చెప్పాను.

చేసి చూడండి: రెండు గ్లాసుల నీళ్ళలో రెండేసి చుక్కలు నూనె వెయ్యండి. ఒకదాంట్లో చిటికెడు పొడి వేసి రెండూ తిప్పండి. పొడి లేని గ్లాసులో నూనె మళ్ళీ పైకి తేలుతుంది. పొడి వేసిన దాంట్లో నీళ్ళలో కలిసిపోయి తెల్లగా అవుతుంది. మన చర్మం కొవ్వుకీ ఇదే జరుగుతుంది.

గజ్జికీ దీనికీ తేడా: గజ్జి కంటికి సరిగా కనపడని చిన్న పురుగు వల్ల వస్తుంది. అది అంటుతుంది. రాత్రిపూట దురద ఎక్కువ. పొడి పగుళ్ళు పొడి తగిలిన చోటే వస్తాయి, అంటవు. రెండూ వేళ్ళ సందుల్లో రావచ్చు కాబట్టి మనకు మనమే పేరు పెట్టకూడదు. నర్సమ్మ గారికి చూపించాలి. గజ్జి అయినా మందు ఉంది, నయమవుతుంది.

మనం పాటించవలసినవి:
1. పొడిని చేతిలో వేసుకుని రుద్దవద్దు. బకెట్లో వేసి కర్రతో కలపాలి.
2. పొడితో స్నానం చెయ్యొద్దు, తల రుద్దొద్దు.
3. ఉతికాక మంచినీళ్ళతో చేతులు కడిగి, వేళ్ళ సందులు తుడుచుకుని, వెంటనే కొబ్బరినూనె రాయాలి. మా ఊళ్ళో ఇప్పనూనె రాస్తారు.
4. బట్టలు బాగా జాడించాలి. పొడి మిగిలితే ఒంటికి దురద.
5. చీము పడితే ఆలస్యం చెయ్యొద్దు, నర్సమ్మ గారికి చెప్పాలి.

కూలిన గోడ ఒక్క రోజులో లేవదు. చర్మం బాగుపడడానికి కూడా రోజులు, ఒక్కోసారి వారాలు పడుతుంది. ఈలోగా మళ్ళీ పొడిలో చెయ్యి పెడితే కట్టింది కట్టినట్టే కూలుతుంది. కాబట్టి మేడం గారూ, చేతులు పగిలిన వాళ్ళకు కొన్నాళ్ళు అంట్ల వంతు మార్చి, ఊడ్చే వంతు ఇవ్వండి.

ఇప్పుడు నా చేతులు బాగున్నాయి. ఆరో తరగతి చెల్లి ఒకామెకు పగిలాయి. అన్నం దగ్గర నేను ఆమె పక్కనే కూర్చుంటున్నాను. మీరూ రండి.

ఇట్లు,
9వ తరగతి విద్యార్థిని