సినిమా వ్యాసాల్లో అభిమానుల గొడవ – సరిదిద్దే పద్ధతి



మన హాస్టళ్లలో హీరోల మీద వాదన జరగని రాత్రి ఉండదు. అది గదిలో ఉన్నంతవరకు ఫరవాలేదు. కానీ 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియాలో సినిమా వ్యాసాన్ని ఎవరైనా దిద్దవచ్చు. ఒక అభిమాని "ఇండస్ట్రీ హిట్" అని రాస్తాడు, ఇంకొకడు దాన్ని తీసేస్తాడు, మొదటివాడు మళ్లీ పెడతాడు. మధ్యలో నష్టపోయేది చదివేవాడు. అలాంటి వ్యాసాలను దిద్దుతూ మేము తెలుసుకున్నది మీ ముందు ఉంచుతున్నాము.

మొదట చూడవలసింది, ఇద్దరూ ఒకే సంగతి మాట్లాడుతున్నారా అని. ఒకరు గ్రాస్ రాస్తారు, మరొకరు షేర్ రాస్తారు. గ్రాస్ అంటే టికెట్ల మీద వచ్చిన మొత్తం. పన్ను, థియేటర్ అద్దె వగైరా పోగా డిస్ట్రిబ్యూటరుకు మిగిలేది షేర్. రెండంకెలూ నిజమే కావచ్చు! వంద రోజుల లెక్కా అంతే. ఆర్టీసీ క్రాస్ రోడ్స్‌లో ఒకే థియేటర్‌లో నేరుగా ఆడటం వేరు, మధ్యలో పక్క థియేటరుకు మార్చి ఆడించడం వేరు. ఏ లెక్కో పక్కన రాస్తే సగం గొడవ అక్కడే తీరుతుంది.

రెండంకెలూ ఒకే సంగతివైతే ఆధారం వెతకాలి. దీనికి మంచి ఉదాహరణ మన తొలి టాకీ 'భక్త ప్రహ్లాద'. హెచ్.ఎం.రెడ్డి తీసిన ఈ చిత్రం 1931 సెప్టెంబరు 15న విడుదలైందని ఎన్నో ఏళ్లు పుస్తకాల్లో రాశారు. జర్నలిస్టు రెంటాల జయదేవ పాత ఆధారాలు వెతికి, దానికి 1932 జనవరి 22న సెన్సారు జరిగిందని, ఫిబ్రవరి 6న బొంబాయి కృష్ణా సినిమా థియేటర్‌లో విడుదలైందని చూపించారు. సెన్సారు కాకముందే సినిమా విడుదల కాదు కదా! ఇక్కడ "కొందరు అదంటారు, కొందరు ఇదంటారు" అని చెరి సగం పంచడం న్యాయం కాదని మా అభిప్రాయం. 1932 తేదీని ముందు రాయాలి. పాత తేదీని తుడిచేయకుండా, అది ప్రచారంలో ఉండేదని తర్వాత చెప్పాలి. లేకపోతే పాత పుస్తకం చదివినవాడు వచ్చి మళ్లీ మార్చేస్తాడు. అశోక్‌నగర్‌లో కోచింగ్ తీసుకునే మన అన్నలకు ఒక్క తేదీ అంటే ఒక మార్కు. ఒక్క మార్కుతో ఉద్యోగం పోయినవారిని మనం చూస్తూనే ఉన్నాం.

వాదన ఏదైనా ఉంటే వ్యాసంలో కాదు, దాని 'చర్చ' పేజీలో చేయాలి. 'చరిత్ర' నొక్కితే ఎవరు, ఎప్పుడు, ఏం మార్చారో కనబడుతుంది. కాబట్టి తీసేసిన వాక్యం ఎక్కడికీ పోదు, కోపంతో వెంటనే తిరగరాయనక్కరలేదు. ఇంగ్లీషు వికీపీడియాలో ఒక వ్యక్తి ఒకే పేజీలో 24 గంటల్లో మూడుసార్లకు మించి ఇతరుల మార్పులను తిప్పికొట్టకూడదనే నియమం కూడా ఉంది.

"రికార్డులు బద్దలు", "ప్రభంజనం" లాంటి మాటలను మేము మొహమాటం లేకుండా తీసేస్తాము, మా అభిమాన హీరోవైనా సరే. (ఇది కొంచెం కష్టమే!)

నారాయణగూడ నుంచి చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయం నడిచిపోయేంత దూరమే. పోటీ పరీక్షల చదువుకు వెళ్లినప్పుడు సినిమా పుస్తకమేదైనా కనబడితే రచయిత పేరు, ముద్రించిన సంవత్సరం, పేజీ నంబరు నోట్‌బుక్‌లో రాసుకుని రండి. ఆ మూడూ లేని వాక్యాన్ని ఎవరైనా తీసేయవచ్చు.