కోపము వెనుక నున్న భావము

అంతరంగ శుద్ధికి బసవేశ్వరుడు చెప్పిన నియమములలో కోపగింపకుండుట యొకటి. అయితే కోపమును అణచుట వేరు, ఎరుగుట వేరు. అణచిన కోపము మరొకచోట, మరొకరిపై బయటపడును. ఎరిగిన కోపము క్రమముగా వశమగును. ఎరుగుటకు మార్గమేది?

ఇందుకు మన అలంకార శాస్త్రము తోడ్పడును. భరతముని నాట్యశాస్త్రమున స్థాయిభావములు 8, సంచారి భావములు 33, సాత్త్విక భావములు 8, వెరసి 49 భావములను వివరించెను. నటుని కొరకు చెప్పిన ఈ విభాగము గృహస్థునకును ఉపకరించును.

ఉదాహరణమునకు, కుమారుడు పరీక్ష తప్పెను. తండ్రి మండిపడి నోటికి వచ్చినట్లు తిట్టెను. ఆ రాత్రి ఆ తండ్రి ఏకాంతమున కూర్చుండి తన్ను తాను మూడు ప్రశ్నలు అడుగవలెను.

మొదటిది: నా దేహమున ఏమి జరిగినది? వణకు, చెమట, గొంతు మారుట, ముఖము వెలవెలబోవుట - ఇవి సాత్త్విక భావములు. వీనిని దాచుట కష్టము. కావున ఇవియే తొలి గుర్తులు.

రెండవది: ఈ భావము పేరేమి? పైకి కనుపించినది క్రోధము. లోతుగా చూచినచో బంధువుల యెదుట చిన్నబోవుదునను వ్రీడ, బిడ్డ భవిష్యత్తు ఏమగునోయను శంక కనుపించును. "నాకు కోపము వచ్చినది" అనుట సులభము. "నాకు భయము కలిగినది" అని ఒప్పుకొనుట కష్టము. పేరు పెట్టుటవలన మేలున్నది. అమెరికాలో మాత్యూ లీబర్‌మన్ బృందము 2007లో ప్రకటించిన పరిశోధనలో, చిత్రములోని ముఖమున కనుపించు భావమునకు మాటతో పేరు పెట్టినప్పుడు మెదడులోని అమిగ్డలా యను భాగపు ఉద్రేకము తగ్గినట్లు తేలినది.

మూడవది: ఆలంబనమెవరు, ఉద్దీపనమేది? ఆలంబనము కుమారుడు. ఉద్దీపనము నాటి సాయంకాలము పొరుగువాడు ఆడిన ఎత్తిపొడుపు మాట కావచ్చును. అట్లయినచో పొరుగువానికి చెప్పవలసిన సమాధానమును బిడ్డపై చూపుట న్యాయమా?

ఒక హెచ్చరిక. "నేనేల ఇట్టివాడనైతిని?" అని తెల్లవార్లు కుములుట ఆత్మపరిశీలనము కాదు. అది చింత; అదియు ఆ 33లో ఒకటియే. ఇష్టలింగ పూజానంతరము మనస్సు కుదుటపడిన వేళ పది నిమిషములు చాలును.

అట్లు విచారించిన తండ్రి మరునాడు, "నీ చదువు ఏమగునోయని భయపడితినిరా నాయనా" అని చెప్పగలడు. అది విన్న బిడ్డ తన భయమును కూడ చెప్పుకొనును. తిట్లకు తలవంచిన బిడ్డ దానిని దాచుకొనును.

అభ్యాసము: ఈ వారము మీకు కోపము కలిగిన ఒక సందర్భమును తీసికొని, పై మూడు ప్రశ్నలకు ఒక్కొక్క వాక్యమున సమాధానము వ్రాసికొనుడు.