సీసపు కళ్లద్దాల వెనక డోసెంత? లెక్క తేల్చే కొలువు

గుండె రక్తనాళంలో స్టెంట్ వేసే క్యాథ్‌ల్యాబ్‌లో డాక్టరు, నర్సు, టెక్నీషియన్ అందరూ సీసపు ఏప్రాన్ వేసుకుంటారు. దాని లోపల ఛాతీ దగ్గర టీఎల్‌డీ బ్యాడ్జి ఉంటుంది. మూడు నెలలకోసారి అది ల్యాబ్‌కు వెళ్లి ఒంటికి తగిలిన ఎక్స్‌రే రేడియేషన్ డోసు చెబుతుంది. కంటికి ఎంత తగిలిందో మాత్రం చెప్పలేదు. ఆ లెక్క తేల్చాలంటే మెడికల్ ఫిజిసిస్టు కావాలి. ఎమ్మెస్సీ ఫిజిక్స్ తర్వాత ఏంటని ఆలోచిస్తున్నవాళ్లు ఈ రంగాన్ని తప్పక పరిశీలించాలి.

కంటి కటకానికి రేడియేషన్ పడితే శుక్లం వస్తుంది. వెనకటి అంచనాల కంటే తక్కువ డోసుకే వస్తుందని తేలడంతో, ఏడాదికి 150 మిల్లీసీవర్టులున్న పరిమితిని ఐదేళ్ల సగటున 20కి తగ్గించాలని అంతర్జాతీయ రేడియేషన్ రక్షణ కమిషన్ 2011లో సిఫారసు చేసింది. ఏ ఒక్క ఏడాదీ 50 దాటకూడదు. జపాన్ 2021 ఏప్రిల్ నుంచి దీన్ని నిబంధనల్లో అమలుచేస్తోంది. హద్దు ఇంతగా తగ్గాక ఉజ్జాయింపు లెక్కలతో పని జరగదు.

మరి సీసపు అద్దాలు పెట్టుకుంటే చాలదా? చాలదు. ఎక్స్‌రేలు రోగి శరీరానికి తగిలి చెదిరి, కింద నుంచీ పక్క నుంచీ పైకి వస్తాయి. డాక్టరు చూపేమో మానిటర్ మీద. అద్దానికీ చెంపకూ మధ్య సందులోంచి కిరణాలు లోపలికి దూరతాయి. తలకు తగిలి మళ్లీ చెదిరేవి వేరే. అందుకే అద్దంలో సీసం ఎంత మందమో చూసి కన్ను అంత భద్రమనుకుంటే పొరపాటే. డోసు కొలిచే పరికరాన్ని (డోసిమీటరు) అద్దం బయట పెడితే ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. లోపల, కంటి పక్కన పెడితే అసలు లెక్కకు దగ్గరగా ఉంటుంది. కానీ కణతకు ఒరుసుకుంటుంటే రోజూ ఎవరు పెట్టుకుంటారు? కొలత ఎంత కచ్చితంగా వచ్చినా, మనిషి పెట్టుకోని పరికరం వృథా. నా దృష్టిలో ఈ ఉద్యోగానికి అసలు పరీక్ష ఇదే.

ఇంతకీ కొలత ఎలాగంటే, కటకం డోసును 3 మిల్లీమీటర్ల లోతున లెక్కగడతారు. తలకు బదులుగా 20 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న స్తూపాకార ఫాంటమ్ మీద డోసిమీటరును క్యాలిబ్రేట్ చేస్తారు.

ఇక దారి. బీఎస్సీ, ఎమ్మెస్సీ ఫిజిక్స్ అయ్యాక ముంబయిలోని భాభా అణు పరిశోధన కేంద్రం (బార్క్)లో రేడియలాజికల్ ఫిజిక్స్ డిప్లొమా ఉంది, వ్యవధి ఏడాది. ఆపై రేడియోథెరపీ విభాగంలో ఇంటర్న్‌షిప్ చేస్తే మెడికల్ ఫిజిసిస్టుగా, అర్హత పరీక్ష గట్టెక్కితే రేడియేషన్ సేఫ్టీ ఆఫీసర్‌గా అవకాశాలు ఉంటాయి. ఇంటర్ తర్వాత బీఎస్సీ ఇమేజింగ్ టెక్నాలజీ చదివినవాళ్లకు టెక్నీషియన్ దారి వేరే ఉంది. కొలతలో అనిశ్చితి లెక్కలు, మాంటే కార్లో సిమ్యులేషన్ వచ్చినవాళ్లకు పరిశోధనలో గిరాకీ ఎక్కువ.

ఫీజు కట్టేముందు, ఆ కోర్సుకు అణుశక్తి నియంత్రణ మండలి (ఏఈఆర్‌బీ) గుర్తింపు ఉందో లేదో చూసుకోండి. అది లేని సర్టిఫికెట్‌తో సేఫ్టీ ఆఫీసర్ పోస్టుకు అర్హత రాదు.