పేలకు తొలి మందు దువ్వెనయే

క్రిములకు చరకాచార్యులు చెప్పిన చికిత్సలో మొదటిది అపకర్షణం, అనగా ఏరి తీసివేయడం. గురుకులంలో నేర్చిన ఈ మాట విలువ నాకు ఒక చిన్నారిని చూచిననాడు పూర్తిగా బోధపడింది. పేలు పోవాలని తలకు పట్టించిన సీతాఫలం గింజల పొడి ఆమె కంటిలో పడింది. వెంటనే కంటి వైద్యుని వద్దకు పంపాను. ఆ పొడి నల్లగ్రుడ్డును గాయపరుస్తుంది. కిరోసిన్ కూడా వాడరాదు.

పేను ఎగరదు, దూకదు. ముఖ్యంగా తలకు తల తాకినప్పుడు ప్రాకుతుంది. ఈర్లు పగలడానికి 7 నుండి 10 రోజులు పడుతుంది. కనుక ఒక్కనాటి ప్రయత్నం చాలదు. కొబ్బరినూనె బాగుగా పట్టించి, పాయలు తీసి, పేలదువ్వెనతో కుదుళ్ళ నుండి చివరల వరకు దువ్వండి. ప్రతిసారీ దువ్వెనను తెల్లని గుడ్డతో తుడవండి. రెండు రోజులకొకసారి, రెండు వారాలు ఇట్లు చేయండి. ఇంటిల్లిపాది తలలూ పరీక్షించండి. బడికి పంపేటప్పుడు జడ బిగువుగా అల్లండి. పేలు పట్టడం బిడ్డ తప్పు కాదు, మందలించకండి.