మూడో గడిలో ‘వ’

ఆదివారం అనుబంధంలోని పదబంధ ప్రహేళికను పిల్లల ముందు పెట్టబోతున్నారా? దయచేసి దాన్ని పరీక్షగా మార్చకండి. ‘నదులు’ అనో ‘సమరయోధులు’ అనో ఒకే అంశం మీద కట్టిన పజిల్ కనబడగానే, జనరల్ నాలెడ్జికి పనికొస్తుందని మనకు ఆశ పుడుతుంది. పిల్లలు ఆ ఆశను ఇట్టే పసిగడతారు. పెన్సిల్ పడేసి టీవీ రిమోట్ వెతుక్కుంటారు.

అందుకే మొదటిసారికి మీకంటే వాళ్లకే ఎక్కువ తెలిసిన అంశం తీసుకోండి. క్రికెటో, కార్టూన్లో, ఏదైనా సరే. పత్రికలో దొరక్కపోతే లెక్కల గళ్ళ నోట్సులో అడ్డంగా ఐదు, నిలువుగా ఐదు గళ్ళు తీసుకుని మీరే కట్టండి. నల్లగళ్ళు అటూ ఇటూ ఒకేలా పడాలన్న పట్టింపు ఇంట్లో అక్కర్లేదు. 1913 డిసెంబరు 21న న్యూయార్క్ వరల్డ్ పత్రికలో ఆర్థర్ విన్ కట్టిన మొదటి పజిలే చతురస్రంగా లేదు, వజ్రం ఆకారంలో ఉంది.

రెండు మూడు వారాలకు వాళ్లకు రుచి తగులుతుంది. అప్పుడు నదుల జోలికి వెళ్లొచ్చు. ‘శ్రీకాకుళం పట్టణం ఈ నది ఒడ్డునే ఉంది’, నాలుగు గళ్ళు. మీ అమ్మాయి ఆలోచించకుండా ‘గోదావరి’ అని రాసేస్తుంది. నిలువు మాటలోంచి మూడో గడిలోకి ‘వ’ వచ్చి పడితే ఇక తిరుగులేదనుకుంటుంది. చిక్కేమిటంటే గోదావరి, నాగావళి, ఇంద్రావతి మూడూ నాలుగక్షరాలే, మూడింట్లోనూ మూడో అక్షరం ‘వ’యే. తేల్చాల్సింది నాలుగో గడి. అక్కడ నిలువుగా ‘దుమ్ము’ అన్న ఆధారానికి ‘ధూళి’ వచ్చిందనుకోండి, ‘గోదావళి’ అన్న నది ఎక్కడుందో ఆమే వెతుక్కుంటుంది.

సరిగ్గా ఆ క్షణంలో మన నోరు ఊరుకోదు. ఊరుకోవాలి. మీరు చెప్పాల్సిన ‘తప్పు’ అనే మాటను గళ్ళే చెబుతున్నాయి, అదీ చిన్నబుచ్చకుండా. మరీ తంటాలు పడుతుంటే జవాబు చెప్పకండి, దాన్ని ఖండించే ఇంకో మాట వైపు చెయ్యి చూపించండి. ‘ఆ పేరుతో రైలు కూడా ఉంది’ అని సాయం చేయబోతారేమో, గోదావరికీ రైలుంది, నాగావళికీ ఉంది! అట్లాసు తెరుస్తానంటే తెరవనివ్వండి, అది దొంగతనం కాదు. ఫోను మాత్రం పక్కగదిలో ఉండాలి.

ఇంగ్లీషు మీడియం పిల్లలకు ముందు గడి లెక్క చెప్పాలి. గుణింతం, ఒత్తు, సున్నా అన్నీ ఆ అక్షరంతోపాటు ఒకే గడిలో కూర్చుంటాయి. ‘కృష్ణ’కు రెండే గళ్ళు, ‘తుంగభద్ర’కు నాలుగు. సున్నాకు వేరే గడి ఇచ్చేయడం అందరు పిల్లలూ చేసేదే. రబ్బరు దగ్గర పెట్టుకుంటే చాలు, ఉపన్యాసం అనవసరం. విదేశాల్లో పెరిగే పిల్లలకైతే నదులకంటే వంటింటి పజిల్ నయం. చదవడం సరిగా రాకపోయినా చారు, పులుసు, గోంగూర వాళ్ల చెవికి తెలుసు. నాయనమ్మో అమ్మమ్మో వీడియో కాల్‌లో ఉంటే ఆధారాలు వాళ్లనే చదవమనండి.

ఇద్దరు పిల్లలుంటే ఒకరికి అడ్డం, ఇంకొకరికి నిలువు. కలిసే గడి దగ్గర గొడవ ఖాయం. జుట్లు పట్టుకునేదాకా మీరు కలగజేసుకోకండి. ఒకటి రెండు గళ్ళు మిగిలిపోతే మిగలనివ్వండి, పూర్తిచేసి తీరాలని కూర్చోబెడితే వచ్చేవారం పిలిచినా రారు.

ఎనిమిది తొమ్మిదేళ్లు దాటినవాళ్లకు మెలిక ఆధారాలు భలే నచ్చుతాయి. ‘తలకిందులైన తీగ’, రెండు గళ్ళు. లత తిరగబడితే తల! ఈ కిటుకు ఒక్కటి పట్టుబడిందా, ఇక కంటికి కనబడిన ప్రతి మాటనూ తిప్పి చూస్తారు, దుకాణాల బోర్డులతో సహా. కొన్నాళ్లకు సొంతంగా ఆధారాలు రాసి పజిల్ కట్టి మీకే ఇస్తారు. అక్షరదోషాలు దిద్దకుండా తీసుకుని కూర్చోండి. తెలిసీ తెలియనట్టు నటించాల్సిన పని ఉండదు. వాళ్ల ఆధారాలకు జవాబు మీకు నిజంగానే తెలియదు.