గజదర్శనం

మన వెల్గటూరు మండలంలోని కోటిలింగాలలో శాతవాహనుల నాణేలు లభించాయి. ఆ రాజుల నాణేలలో అనేకం మీద ఏనుగు బొమ్మ కనిపిస్తుంది. నాణెం మీది ఏనుగు చెక్కుచెదరలేదు. ఈ గోదావరి తీరాన అడవి ఏనుగుల మందలు మాత్రం నేడు లేవు.

వాటిని కన్నులారా చూడగోరి కొందరు ఆఫ్రికాలోని కెన్యాకు పోతారు. కిలిమంజారో పర్వతం కనిపించే అంబోసెలి మైదానంలో దినాల తరబడి వేచి ఉంటారు. అక్కడ మందను నడిపేది వృద్ధమాత. కరవుకాలంలో నీటి జాడ ఆమె జ్ఞాపకంలో ఉంటుంది. చూడవచ్చినవారు వాహనం దిగరు, మంద దారికి అడ్డు నిలువరు.

తెలుగునేలపై ఈ దర్శనం ఇంత సుఖకరం కాదు. 1980వ దశకంలో పొరుగు రాష్ట్రాల ఏనుగులు చిత్తూరు జిల్లాకు తరలివచ్చాయి. 1990లో అక్కడ కౌండిన్య అభయారణ్యం వెలసింది. 2024 ఏప్రిల్‌లో మహారాష్ట్ర నుండి ప్రాణహిత దాటి వచ్చిన ఒంటరి ఏనుగు కుమురం భీం జిల్లాలో ఇద్దరు రైతుల ప్రాణాలు తీసింది. యాత్రికునికి కన్నులపండుగైన మృగమే కావలి కాసే రైతుకు మృత్యుభయం.

అడవి తరిగి దారి మూసుకుపోతే ఏనుగు చేనులో దిగుతుంది. కనుక దాని దారిని కాపాడాలి. నష్టపోయిన రైతును ఆదుకోవాలి. ఒకటి విడిచి రెండవది నెరవేరదు.

అర్థాలు

వృద్ధమాత = వయసు మళ్ళిన తల్లి
జాడ = ఆచూకీ
మృగం = జంతువు
కావలి = కాపలా

ప్రశ్నలు

1. అంబోసెలిలో ఏనుగుల మందను ఎవరు నడుపుతారు? ఎట్లు?
2. ఏనుగులు చేలలోకి రావడానికి కారణాలు వివరింపుము.