నురుగుమెత్త నీరు త్రాగకుండుటెట్లు?

నీటిపై మోటారు సైకిలువలె పరుగిడు జెట్‌స్కీల ఆసనములలో సాధారణముగా నుండునది పాలియురిథేను నురుగు. దాని గదులు ఒకదానిలోని కొకటి తెరచుకొనియుండును. అందుచేతనే అది మెత్తన. అందుచేతనే నీటిని త్రాగును. ఒక లెక్క వేసి చూతము. ఘనమీటరుకు 30 కిలోలు తూగు నురుగు 10 లీటర్ల పరిమాణమున 300 గ్రాములే యుండును. తక్కినదంతయు గాలియే గదా! ఆ గాలికి మారుగా నీరు నిండెనా, బరువు దాదాపు 10 కిలోలగును.

నీరు ముఖ్యముగా చొచ్చునది తొడుగు బట్టగుండ గాదు, కుట్టుసూది చేసిన రంధ్రములగుండ. కావున తొడుగు విప్పి, నురుగును నీడన పూర్తిగా ఆరబెట్టి, పలుచని పాలిథిన్ పొర చుట్టి, కుట్లకు లోపలివైపున నీటికోర్చు జిగురు పూయవలెను. తడియారక చుట్టినచో బూజు తప్పదు. ఎంత మూసినను కొంత నీరు చేరును గనుక అడుగుపలకకు చిన్న రంధ్రముండుట మేలని మా యభిప్రాయము.

పాదములక్రింద పరచు ఈ.వి.ఏ. మెత్తలకు ఇంత శ్రమ యక్కరలేదు. వాని గదులు మూసికొనియుండును. ప్రాణరక్షక కోటులలో నురుగు నింపునప్పుడును ఈ మూతగదుల జాతిదే కావలెను. పరుపుల నురుగు కుట్టిన కోటు తడిసి బరువెక్కునే గాని మునుగువానిని తేల్చదు. కొనుటకుముందు చిన్న ముక్కను నీటిలో ముంచి పిండి చూడుడు: బుడగలు వెడలి, విడువగనే నీరు పీల్చెనా, అది తెరచిన గదులది.